చెయ్యెత్తితే బస్సెందుకు ఆగదు?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కమిటీ తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, దేని గురించి రాయాలా అని మేము ఎక్కువసేపు ఆలోచించలేదు. చదువు విలువ గురించి, క్రమశిక్షణ గురించి, మహనీయుల ఆశయాల గురించి పెద్దలు ఎలాగూ రాస్తారు. మేము బస్సు గురించి రాయదలచుకున్నాము. నవ్వకండి మిత్రులారా! హాస్టల్ విద్యార్థి తన జీవితంలో మెస్సు తర్వాత ఎక్కువగా తిట్టుకునేది బస్సునే. ఎక్కువగా ఎదురుచూసేది కూడా బస్సు కోసమే.

మేము అంటే ఎవరమో ముందుగా చెప్పాలి. 2018 నుండి 2023 వరకు ఇంటర్, డిగ్రీ ఈ హాస్టల్లో ఉండి చదివి, ఇప్పుడు యూనివర్సిటీలో పీజీ చదువుతున్న వాళ్లం. రాసిన చెయ్యి ఒకటే అయినా ఇందులోని మాట మా గదిలో ఉన్న నలుగురిది. మా ఇండ్లలో డిగ్రీ పట్టా చేతపట్టుకున్న మొదటి వాళ్లం మేమే. మా అమ్మానాన్నలకు బస్సు మీద బోర్డు చదవరాదు. "ఇది ఏ ఊరికి పోతది కొడుకా?" అని పక్కవాళ్లను అడిగి ఎక్కేవారు. మాకు బోర్డు చదవడం వచ్చింది. కానీ ఆ బస్సును ఆపడం మాత్రం చాలాకాలం చేతకాలేదు. ఎందుకు చేతకాలేదో, తప్పు ఎవరిదో మాకు అర్థమైనంత మేరకు ఈ వ్యాసంలో చెబుతాము.

హాస్టల్ మలుపు

ఉదయం ఎనిమిది ఇరవై. హాస్టల్ మలుపులో వేపచెట్టు కింద పద్నాలుగు, పదిహేను మందిమి నిలబడి ఉంటాము. తలకు నూనె, భుజానికి బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా. దూరాన బస్సు కనబడగానే అందరి చేతులూ ఒక్కసారి లేస్తాయి. బస్సు దగ్గరికి వస్తుంది. వేగం తగ్గినట్లే తగ్గుతుంది. అంతలోనే డ్రైవర్ చెయ్యి ఊపి వెనక్కి చూపిస్తాడు, వెనక ఇంకో బండి వస్తుందని. ఆ వెనక బండి ఎప్పుడొస్తుందో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. దుమ్ము మాత్రం మా మీద పడుతుంది.

"చెయ్యి ఎత్తండి, బస్సు ఎక్కండి" అని మా చిన్నప్పుడు బస్సుల మీద చదువుకున్నాము. ఆ మాటను నమ్మి చెయ్యెత్తిన వాళ్లమే మేము!

కాలేజీ అక్కడికి ఎనిమిది కిలోమీటర్లు. నడిచి పోలేము, రోజూ ఆటోకు పెట్టుకోలేము. మొదటి పీరియడ్ పోతే హాజరు పోతుంది, హాజరు తగ్గితే స్కాలర్‌షిప్‌కు ఎసరు వస్తుంది. మేము ఇంటర్ రాసిన రోజుల్లో నిమిషం ఆలస్యమైనా పరీక్ష హాలులోకి రానిచ్చేవారు కాదు. ఒక పరీక్ష రోజున మాలో ఒకరు పాలబండి వెనక క్యాన్ల మధ్య కూర్చుని వెళ్లి, గేటు మూసే ముందు లోపల పడ్డాడు. ఆ రోజు ఆ పాలబండి రాకపోయి ఉంటే ఈ రోజు ఈ వ్యాసానికి నలుగురం ఉండేవాళ్లం కాదు, ముగ్గురమే ఉండేవాళ్లం.

బస్సు దొరికిన రోజున కూడా గొడవలు లేకుండా లేవు. అందరం నిలబడిన చోట ఆపకుండా ఫర్లాంగు దూరం పోయి ఆపుతారు. మేము ఉరుకుతాము, మాతో పాటు గంప నెత్తిన పెట్టుకున్న ముసలమ్మ కూడా ఉరకాలి. ఎక్కగానే "పాసుగాళ్లంతా వెనక్కి పోండ్రి" అంటారు. పాసు అంటే ఉత్తగా ఎక్కేది అన్నట్లు ఉంటుంది ఆ మాట. మేము ముందే డబ్బు కట్టి పాసు తీసుకుంటాము. తగ్గించిన మొత్తాన్ని ప్రభుత్వం సంస్థకు చెల్లించవలసి ఉంటుంది. అంటే పాసు ఉన్నవాడు కూడా టికెట్టు కొన్నవాడే. ఈ మాట చెప్పినందుకు మాకు "బాగా చదువుకున్నవ్ లే" అనే బిరుదు వచ్చింది.

ఇక మేము చేసింది కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ వ్యాసం రాసే అర్హత మాకు లేదు. ఆపని బస్సును అరచేతితో బాదాము. డ్రైవర్ వినేటట్లు రాయకూడని మాటలు అన్నాము. డిగ్రీ మొదటి సంవత్సరంలో, వరుసగా మూడు రోజులు బస్సు ఆపకుండా పోయిన తర్వాత, నాలుగో రోజు మాలో ఒకరు రాయి విసిరారు. వెనక కిటికీ అద్దం పగిలింది. చెయ్యెత్తితే ఆగని బస్సు రాయి వేస్తే ఆగింది. ఆ క్షణంలో అది మాకు గెలుపులాగే అనిపించింది. కానీ ఆ కిటికీ పక్కన పసిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి ఉంది. బిడ్డకు ఏమీ కాలేదు. ఆమె కొంగుతో బిడ్డ ముఖం కప్పి మా వైపు చూసింది. ఆమె మా అమ్మలాగే ఉంది. ఆ చూపును ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాము.

ఒక రాత్రి, నైట్ హాల్ట్ బస్సులో

మేము ఆ రాయి దగ్గరే ఆగిపోలేదు. దానికి కారణం ఒక డ్రైవర్.

మాలో ఒకరి ఊరికి నైట్ హాల్ట్ బస్సు ఉంది. రాత్రి తొమ్మిది దాటిన తర్వాత వస్తుంది, తెల్లవారుజామున ఐదున్నరకు మొదటి ట్రిప్పు పోతుంది. 2022 దసరా సెలవుల్లో మేము నలుగురం ఆ ఊరికి వెళ్లాము. రాత్రి ఊరి చావిడి దగ్గర బస్సు ఆగి ఉంది. డ్రైవర్, కండక్టర్ ఇద్దరూ సీట్ల మధ్య దుప్పట్లు పరుచుకుంటున్నారు. కాళ్లు కడుక్కోవడానికి చేతిపంపు, దోమలకు బత్తి, అవసరానికి చెరువుగట్టు. అంతే ఏర్పాటు. ఇంట్లో మిగిలిన జొన్నరొట్టె, పప్పు తీసుకుపోయి ఇచ్చాము. తింటూ మాటల్లో పడ్డారు. డ్రైవరన్నకు యాభై దాటి ఉంటాయి. మేము ఫలానా హాస్టల్ పిల్లలమని చెప్పగానే నవ్వాడు.

"ఆ మలుపు కాడ మీరేనా? మిమ్ముల రోజు చూస్త."

"చూసి కూడా ఆపవెందుకన్నా?" అని అడిగాము.

ఆయన రొట్టె తినడం ఆపి, వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు.

"ఒకటి, ఆడ స్టేజీ లేదు తమ్మీ. లేని కాడ ఆపితే, ఎందుకు ఆపినవని అడిగేటోడు ఉంటడు. రెండు, మీ కాడికొచ్చేసరికే బండి నిండుతది. డోరుకు ఏలాడేటోళ్లను చూస్తరు గద. ఇంకా పదిహేను మందిని ఏడ ఎక్కిచ్చుకోవాలె? మూడు, టైం. నాలుగు, డీజిలు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చినవని లెక్క చూస్తరు. నిండిన బండిని ఆపి మళ్ల లేపితే ఎంత డీజిలు కాలుతదో నీకు తెలుసా? ఆపకపోతే మీరు తిడ్తరు. ఆపితే వాళ్లు అడుగుతరు. నా తిట్లు నాకు తప్పవు."

కొంచెంసేపు ఊరుకుని మళ్లీ అన్నాడు. "అన్నిటికంటె పెద్దది ఇంకోటుంది. మీలో ఎవడన్న ఫుట్‌బోర్డు మీదికెల్లి జారిండనుకో. వాని తల్లికి నేనేం చెప్పాలె?"

మాకు మాట రాలేదు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటు రోడ్డులో జరిగిన బస్సు ప్రమాదం మనందరికీ తెలుసు. వంద మంది దాకా ఎక్కిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. డ్రైవర్ కూడా వారిలో ఒకరు. నిండిన బస్సు అంటే కేవలం ఇరుకు కాదు, అది ప్రాణాలతో కూడిన లెక్క. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే ఇదివరకు భారత శిక్షాస్మృతి 304-ఎ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు ఉండేది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ కింద అది ఐదేళ్ల వరకు పెరిగింది. స్టీరింగ్ పట్టుకున్న మనిషి మెడ మీద ఈ సెక్షన్ ఎప్పుడూ కూర్చుని ఉంటుంది. మనం ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ ఈల వేసేటప్పుడు ఆయన అద్దంలో చూసేది మన ఫ్యాషన్‌ను కాదు.

పని గంటల సంగతి కూడా ఆ రాత్రే తెలిసింది. 1961లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదని, ఐదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని రాసింది. 2025 నవంబరు 21 నుండి దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చినా, ఎనిమిది గంటల సూత్రం అందులోనూ ఉంది. కానీ సీట్ల మధ్య దుప్పటి పరుచుకుని దోమలతో కొట్టుకునే రాత్రిని ఏ లెక్కలో రాస్తారు? అది పనా, విశ్రాంతా? "నిద్ర సాలదు తమ్మీ, గందుకే పొద్దుగాల మాట కరుకుగొస్తది" అన్నాడు ఆయన. మన వార్డెన్ సార్ కూడా రాత్రి సరిగ్గా నిద్రపోని రోజున ఎలా ఉంటారో మనకు తెలియనిది కాదు!

ఈ విషయాలన్నీ వినగానే మేము ఆయన పక్షాన చేరిపోయామని అనుకోకండి. కాలేజీకి ఆలస్యం కావడం మా తప్పు కాదు. ఆపకుండా పోవడానికి కారణాలు ఉండవచ్చు. కానీ "పాసుగాళ్లు" అనడానికి ఏ కారణమూ లేదు. ఆ మాట కూడా ఆయనతో అన్నాము. "అది తప్పే బిడ్డా" అని ఒప్పుకున్నాడు. రాయి సంగతి మేమూ ఒప్పుకున్నాము. ఆ బస్సు ఆయనది కాదు, కానీ "ఆ రోజు ఆ బండి మీద ఉన్నోడు మావోడే" అన్నాడు.

స్టేజీల జాబితా ఎవరు రాశారు?

ఆ రాత్రి మా మనసులో నాటుకున్న మాట ఒక్కటే. "ఆడ స్టేజీ లేదు."

తెల్లవారి అదే బస్సులో బయలుదేరాము. ఊరి చావిడి దగ్గర ఒక స్టేజీ. ఆ తర్వాత కిలోమీటరు దూరంలో మా మిత్రుని వాడ. రోడ్డు వాడ పక్కనుండే పోతుంది. అక్కడ బస్సు ఆగదు. వాడ వాళ్లు చావిడి దాకా నడిచి వచ్చి బస్సెక్కి, మళ్లీ తమ ఇండ్ల ముందు నుండే పోతారు! చిన్నప్పటి నుండి మా మిత్రుడు దీన్ని ఒకే రకంగా అర్థం చేసుకున్నాడు. మాది వాడ కాబట్టి ఆపడం లేదు అని. ప్రతి డ్రైవర్ మీద ఆ కోపమే పెంచుకున్నాడు.

నిజం ఏమిటంటే, ఆ డ్రైవరన్నకు అది ఎవరి వాడో కూడా తెలియదు. ఆయన చేతిలో ఉన్నది ఒక జాబితా. ఆ జాబితా ఎప్పుడో రాసింది. రాసిన రోజున ఊరు అంటే చావిడి, పెద్దల ఇండ్లు, కిరాణాకొట్టు. వాడ ఊరి లెక్కలో లేదు, కాబట్టి స్టేజీల లెక్కలోనూ లేదు. డ్రైవర్ మనసులో అంటరానితనం లేకపోయినా, ఆయన చేతిలోని కాగితంలో అది ఉండవచ్చు. ఎవరూ ద్వేషించకుండానే ఒక వాడ బస్సుకు దూరం కావచ్చు. ఇది మాకు కొత్తగా తెలిసిన సంగతి. మా వ్యాసంలో అసలు చెప్పదలచుకున్నది కూడా ఇదే.

మన హాస్టల్ సంగతీ అంతే. హాస్టల్ ఈ అద్దె భవనంలోకి మారింది. ఆ జాబితా మారలేదు. పిల్లలు నూరు మంది వచ్చి చేరినా ఆ మలుపు కాగితం మీద ఒట్టి వేపచెట్టే.

ఆ కిలోమీటరు నడక మగపిల్లలకు అలసట మాత్రమే. ఆడపిల్లలకు అలా కాదు. చలికాలం ఉదయం చీకట్లో, తుమ్మచెట్ల మధ్య నడిచి పోవాలి. సాయంత్రం కాలేజీ నుండి వచ్చేసరికి మళ్లీ చీకటే. మా మిత్రుని వాడలో ఇద్దరు అమ్మాయిలు పదో తరగతి పాసై కూడా ఇంటర్‌లో చేరలేదు. తండ్రులను అడిగితే చదువు వద్దని అనలేదు. "బస్సు ఇంటి కాడ ఆగుతదంటే తోలుదును" అన్నారు. ఒక్క నిమిషం ఆగని బస్సు ఇద్దరి చదువును ఆపేసింది.

బండివాడు, బారిస్టరు

బండి తోలేవాడికీ, ఎక్కేవాడికీ మధ్య గొడవ కొత్తది కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" పేరుతో రాసుకున్న జ్ఞాపకాల్లో రెండు ప్రయాణాలు ఉన్నాయి. మొదటిది 1901లో జరిగింది. చిన్న పిల్లవాడుగా అన్నతో కలిసి తండ్రి దగ్గరికి వెళ్తూ మసూర్ స్టేషన్లో దిగారు. వాళ్లు మహర్లని తెలిసి ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇస్తామన్న తర్వాత ఒకడు ఒప్పుకున్నాడు. అదీ బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడిచి వస్తానని!

రెండోది 1929లో చాలీస్‌గావ్‌లో జరిగింది. అప్పటికి ఆయన పెద్ద చదువులు చదివిన బారిస్టరు. అయినా ఆయన కూర్చున్న టాంగాను తోలడానికి టాంగావాడు ఇష్టపడలేదు. టాంగా మాత్రం ఇచ్చాడు. తోలడం రాని వాడ మనిషే పగ్గాలు పట్టాడు. దారిలో వంతెన మీద బండి తిరగబడి అంబేద్కర్ కింద పడ్డారు, కాలు విరిగింది.

మేము ఈ కథ ఎందుకు చెబుతున్నాము? ఆ బండివాడికీ మన డ్రైవరన్నకూ పోలిక లేదు, ఆ తేడాను మనం మరచిపోకూడదని చెబుతున్నాము. నిజాం కాలంలో 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైన ప్రభుత్వ రోడ్డు రవాణా, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయ్యి, ఈ రోజు రెండు రాష్ట్రాల్లో రెండు సంస్థలుగా నడుస్తున్నది. టికెట్టు కొన్నవాడికి సీటు అనే నియమం మీద అది నడిచింది. మా తాత చెబుతుండేవాడు, ఊళ్లో అరుగు మీద కూర్చోనివ్వని మనిషి పక్కన తాను మొదటిసారి కూర్చున్నది బస్సులోనేనని. ఆయన పక్కకు జరిగి కూర్చున్నాడట గానీ, లేవమని అనలేకపోయాడట. మా పాలమూరు నుండి మా అమ్మానాన్నలు పనికి పోయింది ముంబాయి బస్సులో, పండుగకు తిరిగి వచ్చింది అదే బస్సులో. మా ఇండ్లలో పెండ్లికీ చావుకూ బస్సే దిక్కు. అలాంటి బస్సు మీద రాయి వేయడం మన ఇంటి మీద మనమే వేసుకోవడం.

ఎవరి మీద కోపం?

2019లో అక్టోబరు 5 నుండి నవంబరు 25 వరకు 52 రోజులు తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మె చేశారు. సుమారు 48 వేల మంది కార్మికులు. 26 డిమాండ్లు. మేము అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. తాత్కాలిక డ్రైవర్లు తోలిన బస్సుల్లో, లేదంటే ఆటోల్లో తిరిగాము. "వీళ్ల జీతాల కోసం మా చదువులు ఆగాలా?" అని ఆనాడు మేమూ అన్నాము. ఆ 26 డిమాండ్లు ఏమిటో ఒక్కరోజు కూడా చదవలేదు. చదివి ఉంటే మన కష్టం, వాళ్ల కష్టం ఒకే చోట పుడుతున్నాయని అప్పుడే తెలిసేది. బస్సులు చాలకపోతే మనం వేలాడుతాము. మనుషులు చాలకపోతే ఆయన డబుల్ డ్యూటీ చేస్తాడు.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పేరుతో వచ్చింది. ఇది మంచి పని. కూలికి పోయే మా అమ్మలకు రోజు కూలిలో బస్సు చార్జీ మిగిలింది. ఇప్పుడు బస్సులో కొత్త గొడవ చూస్తున్నాము. "పైసలిచ్చి మేం నిలబడాల్నా?" అని మగవాళ్లు, "జీరో టికెట్టోళ్లు" అని వెక్కిరింపులు. "పాసుగాళ్లు" అన్న మాటకూ దీనికీ తేడా ఏముంది? నిన్న మనల్ని అన్న మాట ఈ రోజు మన అమ్మను, చెల్లెను అంటున్నారు. మనలో కొందరు కూడా అంటున్నారు. మన ఊరి దారిలో ఎక్కేవాళ్లు పెరిగారు, బస్సు ఒక్కటి కూడా పెరగలేదు. అడగవలసింది రెండో బస్సును, తిట్టవలసింది ముసలమ్మను కాదు.

మేము అడిగాము, సగం వచ్చింది

సెలవుల తర్వాత హాస్టల్‌కు వచ్చి మేము ఒక నోటుబుక్కు పెట్టాము. రోజూ ఉదయం ఏ బస్సు ఎన్ని గంటలకు వచ్చింది, ఆగిందా లేదా, మలుపులో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది ఎక్కారు. అంతే. తిట్లు రాయలేదు, డ్రైవర్ల పేర్లు రాయలేదు. నలభై రోజులు రాశాము. దాన్ని చూసి ఒక అర్జీ రాశాము. హాస్టల్ విద్యార్థులందరం సంతకాలు చేశాము, వార్డెన్ సార్ తన సంతకం పెట్టి పంపారు. డిపో పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే అది ఒక డిపో మీద ఫిర్యాదు అవుతుంది, మా ఉద్దేశం అది కాదు.

మొదటిసారి అర్జీ తీసుకుని చూస్తామన్నారు. రెండోసారి సార్ లేరన్నారు. మూడోసారి నోటుబుక్కు కూడా పట్టుకుపోయాము. దాన్ని తిప్పి చూసిన అధికారి "ఇది ముందే తేవాలె గదా" అన్నారు. 2023 ఏప్రిల్‌లో ఉదయం రెండు బస్సులకు మన మలుపులో స్టాప్ ఇచ్చారు. మొదటి రోజు బస్సు ఆగినప్పుడు మేము చెయ్యెత్తలేదు. ఆగుతుందో లేదో చూద్దామని ఊరికే నిలబడ్డాము. ఆగింది. ఇప్పుడు మీరు ఎక్కుతున్న ఎనిమిది ఇరవై బస్సు అదే తమ్ముళ్లూ!

కానీ మా మిత్రుని వాడకు స్టాప్ రాలేదు. దానికి గ్రామ పంచాయతీ తీర్మానం పెట్టి పంపితే బాగుంటుందన్నారు. పంచాయతీలో ఆ కాగితం ఇంకా కదలలేదు. "చావిడి కాడికి నడుస్తే ఏం పోతది?" అన్నవాళ్లున్నారు. అలా అన్నవాళ్లెవరూ ఆ కిలోమీటరు నడిచేవాళ్లు కాదు. ఆ ఇద్దరు అమ్మాయిల్లో ఒకరికి పెండ్లయింది. ఇంకొకరు పత్తి ఏరడానికి పోతున్నది. ఈ సగం గెలుపును పూర్తి గెలుపుగా చెప్పుకోవడం మాకు ఇష్టం లేదు.

మనం చేయవలసినవి

ముందుగా మనవైపు నుండి. మలుపులో చెట్టు కింద ఒకచోట వరుసగా నిలబడుదాం, రోడ్డు మధ్యకు ఉరకవద్దు. ఫుట్‌బోర్డు మీద వేలాడవద్దు. పాసు చేతిలో పట్టుకుని ఎక్కుదాం, కండక్టర్ అడిగేదాకా వెతుక్కోవద్దు. ఆడవాళ్ల సీట్లలో కూర్చుని నిద్ర నటించవద్దు. ఇది కొందరికి తగులుతుందని తెలిసే రాస్తున్నాము! డ్రైవర్‌ను "ఓయ్" అనకుండా "అన్నా" అని పిలిచి చూడండి. దిగేటప్పుడు ఒక్క మాట చెప్పి దిగండి. దానికి చార్జీ లేదు.

ఇక డ్రైవరన్నలకు, కండక్టరన్నలకు, అక్కలకు మా మనవి. బండి నిండి ఆపలేకపోతే చేత్తో ఆ మాట తెలిసేటట్లు చెప్పండి, రాని బండిని వెనక చూపించకండి. ఎక్కించుకుంటే నిలబడిన చోటనే ఆపండి. పాసు అనేది కూడా టికెట్టే. మా పిల్లలను "గాళ్లు" అనకండి. మీ ఇంట్లో కూడా పాసు మీద చదివే పిల్లలు ఉంటారు.

అధికారులకు మా డిమాండ్లు మూడు. హాస్టళ్లు, కాలేజీలు ఉన్న దారుల్లో ఉదయం, సాయంత్రం ఒక్క బస్సన్నా పెంచాలి. స్టేజీల జాబితాను వాడలు, తండాలు, కొత్త కాలనీలు, హాస్టళ్లు చూసి మళ్లీ రాయాలి. నైట్ హాల్ట్ ఊళ్లలో డ్రైవర్, కండక్టర్ పడుకోవడానికి ఒక గది, నీళ్లు, మరుగుదొడ్డి ఇవ్వాలి. ఈ మూడోది మన డిమాండ్ కాదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రాత్రి నిద్రపోయిన డ్రైవర్ తెల్లవారి తోలే బస్సులో కూర్చునేది మనమే.

చివరిగా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ వాడ ముందు బస్సు ఆగుతుందో లేదో చూడండి. ఆగకపోతే, రాయి వెతకకండి. డ్రైవర్‌ను "అన్నా, ఇక్కడ స్టేజీ ఉందా?" అని అడగండి. లేదంటే నోటుబుక్కు తెరవండి. తేదీ వేయండి. టైము వేయండి. ఎంతమంది నిలబడ్డారో రాయండి. ఎవరెవరు చదువు మానుకున్నారో కూడా రాయండి. మా మిత్రుని వాడ నోటుబుక్కు మా దగ్గర ఉంది, రెండోది కొన్నాము. పంచాయతీ తీర్మానం వచ్చిన రోజున, వచ్చే సంచికలో ఆ సంగతి మీకు రాస్తాము.